లింబాయత్ ఇంటి వేరో

ఆ రోజు గొడవ పుంటికూర దగ్గర మొదలైంది.

పొద్దున బండి మీద వచ్చిన గోంగూరను పద్మారాణి కట్టలు విప్పి, బాల్కనీలో పాత చీర ముక్క మీద పరిచింది. ఎండ తగిలాక, సోడా ఉప్పు కలిపిన నీళ్లలో కడిగాక, సాయంత్రం వండాలి. లాక్‌డౌన్ వచ్చిన నాటి నుంచి బయటి నుంచి వచ్చే ప్రతి వస్తువుకూ ఆమె పెట్టిన కట్టడి అది. స్నానం చేసి వచ్చేసరికి బాల్కనీలో చీర ముక్క ఒక్కటే మిగిలింది. పొయ్యి మీద గిన్నెలో పుంటికూర, పచ్చిమిరపకాయలు కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. గిన్నె ముందు అత్త ఐలమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"సాయంత్రం దాక ముట్టద్దని చెప్పిన గదత్తమ్మా."

"చెప్పినవ్. కండ్ల ముంగట వాడిపోతుంటే ఊకోబుద్ధి గాలే."

"కడిగిన్రా కనీసం?"

"కడగక మన్నుతోని ఉడకపెడ్తనా? పెండ్లయిన కాన్నుంచి వండుతనే ఉన్న. నా చేతి కూర తిని సచ్చినోళ్లుంటే పేరు చెప్పు."

"నేననేది మన్ను గురించి గాదు."

"నువ్వనేది నాకెర్కే. నా చెయ్యే అంటు నీకు. గా సీసాల మందు చేతులకు పోసుకుంట పోసుకుంట రేపు నన్ను గూడ ఆ సీసాల ముంచి తీస్తవ్."

పద్మారాణి పొయ్యి ఆపేసింది. ఐలమ్మ వెలిగించింది. పద్మారాణి మళ్లీ ఆపింది. ముందు గదిలో మామ లక్ష్మీరాజం టీవీ గొంతు పెంచాడు. లోపలి గది నుంచి లత తల మాత్రం బయటికి పెట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల, పొద్దంతా ఫోన్‌లోనే బడి.

"మమ్మీ, బాపమ్మా, మైక్ చాలూ ఛే, ఆన్‌లోనే ఉంది. టీచర్ అంతా వింటుంది."

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. కూర సగం ఉడికి ఆగిపోయింది. ఐలమ్మ గరిటెను గిన్నెలోనే వదిలేసి, చెప్పులేసుకుని, మెడలో వేలాడుతున్న మాస్కును గడ్డం దాకా లాక్కుని, "లింబాయత్ పోతున్న, నాకు పనున్నది" అని గోడకు చెప్పి వెళ్లిపోయింది. ఏం పని అని పద్మారాణి అడగలేదు. కాసేపైనా వంటిల్లు తనకు దక్కిందని తలుపు గడియ వేసుకుంది.

సూరత్‌లో గోడాదరా వైపు ఈ ఫ్లాటుకు వాళ్లు వచ్చి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు సంసారమంతా లింబాయత్ ఇంట్లోనే. లక్ష్మీరాజం వయసులో ఉండగా సిరిసిల్ల నుంచి వచ్చి, ఖటోదరా మిల్లుల్లో పనిచేసి, ఇరుకు గల్లీలో జాగా కొని కట్టిన ఇల్లు అది. కింద నాలుగు పవర్‌లూమ్‌లు, పైన కాపురం. పవర్‌లూమ్‌ను సిరిసిల్ల వాళ్లు సాంచ అంటారు. ఊరు మారినా ఆ మాట మారలేదు. నాలుగు సాంచలూ పగలూ రాత్రీ రెండు పాళీలు ఆడుతుంటే పైన గోడ మీది క్యాలెండరు ఊగేది, గ్లాసులో నీళ్లు వణికేవి. మొగుడూ పెళ్లాలు గుసగుసలు కూడా అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. సిరిసిల్ల కాలేజీలో బీకాం చదివి, ఎదుటివాళ్ల మాట పూర్తిగా విని జవాబిచ్చే అలవాటున్న పద్మారాణి, ఆ ఇంట్లో ప్రతి మాటనూ సగం పెదాల కదలిక చూసి, సగం ఊహించుకుని బతికింది. ఆమె ఎడమ చెవి ఇప్పుడు మందగించింది. భర్త శివకృష్ణ ఇప్పటికీ ఉప్పు డబ్బా అందుకొమ్మని కూడా కేకేసే చెబుతాడు.

ఫ్లాటులోకి వచ్చిన వారానికి ఆమెకు తెలిసింది, జల్లెడలోంచి పిండి రాలుతుంటే కూడా చప్పుడవుతుందని. పక్క గదిలో కూతురు పేజీ తిప్పితే వినపడుతుందని. ఐదో అంతస్తు, పడమటి గాలి, పగలంతా తనకు తాను వినపడే ఇల్లు. దేవుడి ముందు ఆమె ఇంకేమీ కోరుకోవడం మానేసింది.

ఆ నిశ్శబ్దానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. ఫ్లాటు కొన్నప్పుడు శివకృష్ణ మూడు సాంచలను ఊరి బయటి జోల్వాకు మార్చాడు. అక్కడ గంగారాం అనే ఆయనతో పొత్తులో షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. రెండు నెలలు గడవకుండానే లాక్‌డౌన్ వచ్చి పడింది. గంగారాం పెళ్లాం పిల్లలతో ఊరికి పోయినవాడు మళ్లీ రాలేదు. నడిపే మనుషులూ రాలేదు. షెడ్డు కిరాయి, బ్యాంకు వాయిదా మాత్రం ఎక్కడికీ పోలేదు. దసరా నెల రాగానే శివకృష్ణ తేల్చి చెప్పేశాడు.

"రెండిండ్లు మోసుడు నాతోని గాదు పద్మా. దీపావళి లోపల లింబాయత్ ఇల్లు కిరాయికి పోవాలె. పోలేదో, ఫ్లాటు కిరాయికిచ్చి మనమే లింబాయత్ పోతం. మార్వాడీ ఆయన ఫ్లాటు అడగనే అడుగుతున్నడు."

ఆ మాట విన్న మర్నాడే పద్మారాణి లింబాయత్ ఇంటి మీద పడింది. సున్నం వేయించింది. సాంచల నూనె తాగి నల్లబడిన కింది నేలను సోడాతో మూడు పూటలు తోమించింది. దూలాల సందుల్లోంచి ఏళ్ల నాటి దారపు నూగు బస్తాల కొద్దీ దింపించింది. కింద వంటగట్టు కట్టించి రాయి పరిపించింది. మనుషులు లోపలికి రాగానే ఇది కాపురం ఇల్లు అనుకోవాలి, అంతే. కిరాయికి బుచ్చిరాములు కుదిరాడు. సిరిసిల్ల దగ్గరివాడే, చీరల మార్కెట్‌లో మడతలు పెట్టే పని, ఇద్దరు పిల్లలు. మనిషి మర్యాదస్తుడు. ఒక్కటే అడిగాడు.

"వేరో ఎంతొస్తది అక్కా?"

వేరో అంటే ఇంటి పన్ను. ఆ గల్లీలో కిరాయిదారుడే కరెంటు బిల్లుతో పాటు దాన్నీ కట్టుకోవడం రివాజు. కొన్నేళ్ల బిల్లులు ముందేసుకుని చూస్తే అసలు చిక్కు పద్మారాణికి అప్పుడు కనిపించింది. కింది అంతస్తు కార్ఖానా కింద రాసి ఉంది. సాంచలు జోల్వాకు పోయిన సంగతి నగరపాలికా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. కాపురం ఇంటికి ఒక లెక్క, కార్ఖానాకు అంతకన్నా చాలా పెద్ద లెక్క. కార్ఖానా లెక్కన అయితే తాను రానని బుచ్చిరాములు మెల్లగానే అన్నా గట్టిగానే అన్నాడు.

కాబట్టి పద్మారాణి జోన్ ఆఫీసుకు వెళ్లింది. చేతికి మందు పోసి, నుదుటికి మిషను పెట్టి, గీసిన గుండ్రాల్లో నిలబెట్టి పంపించారు. కార్ఖానా మూసేశామనీ, ఇల్లు కాపురానికి ఇస్తున్నామనీ అర్జీ పెట్టింది. మనిషి వచ్చి కళ్లతో చూసి రాసుకుపోతాడని, ముందు ఫోన్ చేస్తాడని చెప్పారు. ఈ సంగతి మొగుడికి చెప్పింది. మామకు చెప్పింది. బుచ్చిరాములుకు చెప్పింది. పక్కింటి వాళ్లకు కూడా, మనిషి వస్తే జర ఫోన్ చేయండని చెప్పింది.

ఐలమ్మకు చెప్పలేదు. చెబితే పంచాయితీ. ఎందుకంటే లింబాయత్ ఇంట్లో నాలుగో సాంచ ఇంకా ఉంది. లక్ష్మీరాజం మొట్టమొదట కొన్నది అదే. ఆయన ఒకప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినప్పుడు, ఆడవాళ్లు దారపు కండెలు చుట్టుకోవడం తప్ప సాంచ ముట్టని ఆ గల్లీలో, ఐలమ్మ చీర కొంగు నడుముకు బిగించి రెండేళ్లు దాన్ని నడిపింది. జోల్వాకు దాన్నీ పంపుదామంటే అధికమాసం అంది. అధికమాసం పోతే అమావాస్య అంది. చివరికి కొడుకు గట్టిగా అడిగితే, దసరా పూజ కొత్త తావులో కావాలి గనుక ఆ లోపల పంపుతానని ఒప్పుకుంది. మర్నాడు పొద్దున టెంపో మాట్లాడి ఉంది. అది పోయాక, ఖాళీ గదిని, తెల్లటి గోడల్ని, కొత్త వంటగట్టును ఆ మనిషికి చూపించాలని పద్మారాణి లెక్క.

మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. పాలికా నుంచి. ఇంకో ఇల్లు చూడడానికి లింబాయత్ వచ్చాననీ, పనిలో పని మీదీ చూసి పోతాననీ హిందీలో అన్నాడు. రేపు రండని అడిగింది. రేపు తనది ఇంకో వార్డు అన్నాడు. ఒక సాంచ ఉంటేనేం, దాని మీద దుప్పటి కప్పి పాత ఇనుము అని చెప్పుకోవచ్చు అనుకుంటూ ఆమె తడి చేతులతోనే తాళంచెవి తీసుకుని పరుగెత్తింది. షేర్ ఆటోలో ఇద్దరినే ఎక్కిస్తున్నారు. ఇంకో మనిషి కోసం ఆగకుండా ఆ కిరాయి కూడా తానే ఇస్తానని ఎక్కింది.

గల్లీ మొగదలలోనే వినిపించింది. మొదట చెవులు కాదు, అరికాళ్లు పోల్చుకున్నాయి. తర్వాత కుడి చెవి. ఠకా ఠకా ఠకా ఠకా. వందల సాంచల మధ్య పెట్టినా ఆ ఒక్కదాన్ని ఆమె గుర్తుపడుతుంది. పేక దారాన్ని మోసే నాడె ఎడమ వైపు వెళ్లినప్పుడు దెబ్బ కాస్త బరువుగా పడుతుంది, దాన్ని తన్నే పట్టా వదులైంది. ఆ సంగతి తనకు తెలిసినందుకే ఆమెకు ఒళ్లు మండింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. సాంచకు పసుపు కుంకుమ బొట్లు, మీద బంతిపూల దండ. దాని వెనక నిలువు దారాలు చుట్టిన కొత్త బీమ్, నిండా తెల్లటి పడుగు. ఐలమ్మ కొంగు నడుముకు చుట్టి సాంచ ముందు నిలబడి ఉంది. పక్కింటి సారక్క కింద కూర్చుని పసుపు ముంచిన దారాన్ని కండెలకు చుడుతోంది. కొత్త వంటగట్టు మీద నూనె డబ్బా, నూనె గుడ్డ. గడప దగ్గర మాస్కు మీద ఫేస్‌షీల్డు పెట్టుకున్న మనిషి నిలబడి, సాంచ వైపు ఫోన్ ఎత్తి ఫోటో తీస్తున్నాడు.

"చాలూ హై సాబ్, ఏక్‌దం చాలూ. ఇత్‌నే సాల్ మే ఏక్ దిన్ బంద్ నహీ కియా." బ్రహ్మాండంగా నడుస్తోందనీ, ఇన్నేళ్లలో ఒక్క రోజూ ఆపలేదనీ ఐలమ్మ ఆ చప్పుడులో గొంతు చించుకుని అతనికి చెబుతోంది. ముఖం వెలిగిపోతోంది.

పద్మారాణి వెళ్లి మోటారు స్విచ్చి కొట్టింది. సాంచ రెండు దెబ్బలు తడబడి ఆగింది. చెవుల్లో హోరు మాత్రం ఆగలేదు.

"భాయ్, ఇది నడిచే కార్ఖానా కాదు. రేపు పొద్దున ఇది పోతుంది. ఇవాళ పూజ," అని హిందీలో చెప్పింది.

అతను బొట్ల వైపు చూశాడు, దండ వైపు చూశాడు, మెషిన్ కింద అప్పటికే మూరెడు దిగిన గుడ్డ వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు.

"బేన్, పూజ రాయడానికి నా ఫారంలో గడి లేదు. కాపురమా, దుకాణమా, కార్ఖానానా, అంతే. మెషిన్ ఉంది, కరెంటు ఉంది, గుడ్డ దిగుతోంది. ఆ అమ్మే నోటితో చాలూ అంటున్నారు. నేనేం రాయాలో మీరే చెప్పండి."

"రేపు ఇదే వేళకు వచ్చి చూడండి. ఒక్క మేకు కూడా ఉండదు."

"మెషిన్ తీసేశాక మళ్లీ అర్జీ పెట్టుకోండి. ఈ ఏడాది బిల్లు మాత్రం ఇలాగే వస్తుంది."

ఐలమ్మ ఇంతలో బెల్లం ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టబోయింది. అతను కరోనా అని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

గడప దాటి అతను గల్లీ మలుపు తిరిగే దాకా పద్మారాణి ఆగింది. పరువు విషయంలో ఆమె ఎప్పుడూ తొందరపడదు.

"కడుపు నిండిందా అత్తమ్మా?"

"ఏమైందిప్పుడు?"

"ఏమైందా. ఇంటింటికీ తిరిగి నేను కిరాయికి మనిషిని చూస్కొస్తి. ఆఫీసు చుట్టు తిరిగి అర్జీ పెడ్తి. మీరు ఒక్క పూటల కార్ఖానా అని ముద్ర గుద్దిచ్చిన్రు. నన్ను మల్ల ఈ హోరుల ఏసి తొక్కాలని గద మీ ఆశ."

"నోరు సంబాళించుకో. ఖాళీ బీమ్‌తోని సాంచ గడప దాటద్దు. పోయే ముందు పసుపు పేకతోని మూడు మూరల గుడ్డ దించాలె, అదే గుడ్డ దానికి కప్పి పంపాలె. మా అత్త గట్లనే చేసింది. నీకు తెల్వకుంటే నేనేం జెయ్యాలె?"

"ఇయ్యాల్నే చెయ్యాల్నా?"

"రేపు టెంపో వస్తుంటే ఎల్లుండి చేస్తరా? సాయంత్రం సల్లపూట చేద్దామనుకున్న. పొద్దుగాల్నే పొయ్యి బంద్ జేసి నువ్వే ఎల్లగొడ్తివి. ఇంట్ల కూర వండనియ్యవు, బయట సాంచ నడపనియ్యవు. కాళ్లు చేతులు కట్టేసి మూలకు కూసోబెట్టు."

"ఆయనతోని చాలూ చాలూ అని ఎందుకన్నరు మరి?"

"నడుస్తదా అమ్మా అని అడిగిండు. నడుస్తది అన్న. నడిచే సాంచను సచ్చింది అని చెప్పాల్నా? అసలు గా మనిషి వస్తడని నాకెవలు చెప్పిన్రు? నువ్వు చెప్పినవా?"

సారక్క కండె చుట్టడం ఆపకుండా, "మాకు చెప్పింది గదనే ఐలవ్వా, గల్లీ అందరికీ చెప్పింది. నీకు చెప్పలేదా ఏంది?" అంది. ఆమె అమాయకంగా అన్నదో, అగ్గి మీద నూనె పోయడానికి అన్నదో ఆ ముఖం చూసి ఎవరూ చెప్పలేరు.

ఐలమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఒక్కటే ఉంటే పద్మారాణి తట్టుకునేది.

"గల్లీ మొత్తానికి చెప్పినవ్," అంది ఐలమ్మ. "నా ఇంటి ముచ్చట నాకే తెల్వదు. మంచిగున్నది నీ సదువు."

ఆ మాట నిజమని తెలిశాక దాని మీద మాట పెంచడం పద్మారాణికి చేతకాదు.

ఐలమ్మ మళ్లీ స్విచ్చి వేసింది. మూడు మూరలు పూర్తి కావాలి మరి. పద్మారాణి మెట్లెక్కి పై గదిలోకి వెళ్లింది. కొత్త సున్నం వాసన. గోడ మీద క్యాలెండరు లేదు, దాని మేకు మాత్రం ఉంది, అది సన్నగా అదురుతోంది. ఒక్క సాంచకే ఇలా ఉంది. గోడకు వీపు ఆనించి కూర్చుని ఆమె ఆ గదిలో మళ్లీ తన మంచం ఎక్కడ వేస్తారో, లత పుస్తకాలు ఎక్కడ పెడతారో, ఫోన్ బడిలో టీచరు మాట పిల్లకు ఎలా వినిపిస్తుందో ఊహించుకోకుండా ఉండలేకపోయింది. ఏడుపు రాలేదు. లెక్కలు వచ్చాయి. కింద దెబ్బ లయ తప్పింది. పోగు తెగబోతోందని ఆమెకు తెలిసింది, రెండు క్షణాల తర్వాత సాంచ ఆగింది, ఐలమ్మ గొణుగుడు పైకి వినిపించింది. ఎన్నేళ్లు కండెలు చుట్టిందో, ఎన్నిసార్లు భర్త భోజనానికి వస్తే ఆ పది నిమిషాలూ సాంచ ముందు నిలబడిందో, ఆ చప్పుడు తనలో ఎంత లోతుకు దిగిందో ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేంత గొప్ప పని అని అనుకోలేదు.

ఫ్లాటుకు తిరిగి వచ్చే దారిలో బుచ్చిరాములు ఫోన్ చేశాడు. గల్లీ మొత్తానికి చెప్పినందుకు కబురు కూడా గల్లీ మొత్తం తిరిగి అతని దాకా చేరింది.

"కార్ఖానా వేరో నేనెట్ల కడ్త అక్కా? రూముల ఉండేటోన్ని, సాంచలు నడిపేటోన్ని గాదు. ఏమనుకోకు. వేరే తావున సూసుకుంట."

"ఏమనుకోను తమ్మీ," అంది పద్మారాణి.

శివకృష్ణ జోల్వా నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టారు. సారక్క కొడుకు అతనికి ముందే ఫోన్ చేశాడు. బయటే కాళ్లు కడుక్కుని, చొక్కా విప్పి బకెట్‌లో పడేసి, లోపలికి వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. అది మంచి గుర్తు కాదు. అతను అరుస్తుంటే ఇంట్లో భయం ఉండదు, అది అలవాటు. మెల్లగా మాట్లాడితేనే ఏదో తేల్చుకున్నాడని లెక్క.

కింద చాప పరిచి అన్నాలకు కూర్చున్నారు. పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు. ఐలమ్మ కోడలు కూర్చునే వైపుకు సగం వీపు పెట్టి కూర్చుంది. లక్ష్మీరాజం తన కంచంలో అన్నాన్ని గుండ్రంగా సర్దుకుంటున్నాడు.

"మార్వాడీ ఆయనకు ఫోన్ చేసిన," అన్నాడు శివకృష్ణ. "ఆదివారం వాళ్లింటోళ్లు ఫ్లాటు సూడనీకి వస్తరు. దీపావళి దాటినంక మనం లింబాయత్ పోదాం. సామాన్లు సదురుకోండ్రి."

"మంచిది," అంది ఐలమ్మ. "నాకీ మెట్ల మీద, లిఫ్టుల ఊపిరి ఆడతలేదు."

"మీకు మంచిదే," అంది పద్మారాణి. "మీరే చేసిన్రు గద."

"మల్ల మొదలువెట్టకుండ్రి," అన్నాడు శివకృష్ణ.

లత తలెత్తకుండా, "నేను రాను. అక్కడ నెట్‌వర్క్ రాదు, మనిషి మాట వినపడదు," అంది. ఎవరూ ఆ పిల్లను గదమలేదు.

పద్మారాణి అందరికీ పులుసు పోసింది. రోజూ అందరూ లేచాక తినే మనిషి, ఆ రోజు తన కంచం తెచ్చుకుని మొగుడికి ఎదురుగా కూర్చుంది. అన్నం కలపలేదు.

"ఫ్లాటు ఎవరికీ ఇయ్యం," అంది.

శివకృష్ణ ముద్ద ఆపాడు. "నీ సంపాదనతోని కడ్తవా వాయిదా?"

"జోల్వాల షెడ్డు కిరాయి కడ్తున్నవ్. సగం షెడ్డు ఖాళీ. గంగారాం రాడు, వచ్చేదుంటే ఈపాటికి వచ్చేటోడు. ఇక్కడ లింబాయత్‌ల నడవని కార్ఖానాకు కార్ఖానా వేరో కట్టాలె. ఉన్న కార్ఖానాను ఖాళీ పెట్టి, లేని కార్ఖానాకు కిరాయి కట్టుడేంది? నాలుగోది అక్కడికి పంపుడు గాదు, ఆ మూడు సాంచలే లింబాయత్ తీస్కరా. జోల్వా షెడ్డు వదిలెయ్యి."

"కొత్తగ గట్టు కట్టిచ్చినవ్ గద కింద."

"పగలగొట్టిస్త. నా చేతులతోనే."

"సాంచలు తెస్త సరే. ఎవలు నడుపుతరు? మనుషులే దొరకక నేను సస్తున్న."

"రాత్రి పాళీ నువ్వు. పగటి పాళీ నేను."

లక్ష్మీరాజం దగ్గాడు. శివకృష్ణ నవ్వాడు, ఆ నవ్వులో సరదా లేదు.

"బీకాం సదివి సాంచ నడుపుతవా? మొగోన్ని ఇంట్ల ఉండంగ పెండ్లాం సాంచ మీదికెక్కితే లింబాయత్‌ల నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

"మాస్కు ఉన్నది గద. పెట్టుకో."

లతకు పొలమారింది. నీళ్ల గ్లాసు ఐలమ్మ అందించింది. తర్వాత ఆమె మెల్లగా వీపు తిప్పి, ముఖం కోడలి వైపు పెట్టి కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఆమె కోడలి ముఖం చూడడం అదే మొదటిసారి.

"వీని మొకానికేమైతది? నేను రెండేండ్లు నడిపితే వీని బాపు మొకం యాడికన్న పోయిందా?" అంది కొడుకును చూపిస్తూ. మళ్లీ కోడలితో, "నా సాంచ మాత్రం ముట్టనియ్య. అది నేను నడుపుకుంట," అంది.

"మీది నాకెందుకు? మూడున్నయి నాకు."

"పోగు తెగితే నన్ను పిలువద్దు."

"పిలువ. తెగకముందే మీరొచ్చి తిడ్తరు."

"తిడ్త. తిట్టకుంటే ఎట్ల నేర్సుకుంటవ్?" అని ఐలమ్మ తన కంచంలోకి వంగింది. అది ఒప్పుకోవడం కాదు, మెత్తబడడం అంతకన్నా కాదు. రేపటి నుంచి ఎక్కడ పోట్లాడుకోవాలో తేల్చుకున్న మనిషి మాట అది.

"చెవి," అన్నాడు లక్ష్మీరాజం. అన్నం మొదలుపెట్టినప్పటి నుంచి ఆయన అన్న మొదటి మాట. "నీకు ఒక చెవి ముందే మందమాయె గద బిడ్డా. రెండోది గూడ పోతది."

పద్మారాణి అన్నంలో పులుసు పోసుకుని కలపడం మొదలుపెట్టింది. మామ మాట ఆమెకు కుడి చెవిలో స్పష్టంగానే పడింది.

"పగలు పోనీ మామయ్యా. దూది పెట్టుకుంట," అంది. "సాయంత్రం ఇంటికి వస్త. ఇల్లంటే ఇది. లింబాయత్‌ది కార్ఖానా అని సర్కారోళ్లు రాసుకున్నరు, కార్ఖానాగానే నడుస్తది. ఆదివారం ఎవరూ ఫ్లాటు సూడనీకి రావద్దని పొద్దున ఫోన్ చేసి చెప్పు," అని మొగుడితో అంది. ఆమె గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో పెంచనక్కర్లేదు.